బిందెలో చెయ్యి

కృష్ణలంక, విజయవాడ
10-8-1997

నా బంగారు తల్లి సుధామణికి,

నాన్న ఎల్లారావు వెయ్యి దీవెనలతో రాసేది. ఇక్కడ మీ అమ్మా, నేనూ, తొట్టిలో రెండు చేపలూ, నలుగురం బాగున్నాం. నలుగురం అని రాశానా? తప్పు తప్పు. ఇప్పుడు మూడొందల నలుగురం! గుడ్లు పెట్టిందమ్మా!

నువ్వు నర్సు ఉద్యోగానికి విశాఖపట్నం బండెక్కిన వారమే పై వాటా బ్యాంకు మేనేజరు గారు బదిలీ మీద వెళ్తూ అద్దాల తొట్టి మనకిచ్చి పోయారు కదా. అందులో మిగిలిన ఏంజిల్ చేపలు రెండు. ఏంజిలంటే దేవదూత అని మన బాలశౌరి చెప్పాడు. మీ అమ్మ ఆ రోజే తేల్చేసింది, "పళ్ళెంలా పల్చగా ఉన్నాయి, పులుసులో వేస్తే ముల్లు తప్ప ఏముంటది" అని. నిన్న పొద్దున కాఫీ తాగుతూ చూద్దును కదా, ఆ పళ్ళేలు రెండూ ఫిల్టరు గొట్టాన్ని మూతులతో తెగ తోమేస్తున్నాయి. ఇల్లు కడుగుతున్నాయన్నమాట! కాసేపటికి ఆడది గొట్టం మీద సగ్గుబియ్యం కంటే సన్నటి గుడ్లు వరసగా, పూలదండ గుచ్చినట్టు పెట్టుకుంటూ పోయింది. మగది దాని వెనకే. ఇప్పుడు ఇద్దరూ చెరోపక్క నిలబడి రెక్కలతో విసురుతున్నారు.

అమ్మా, నేను నలభై ఏళ్ళు చేపపిల్లని మోసినోణ్ణి. హౌరాలో మెయిలెక్కి, సత్తు బిందెల్లో బొచ్చె పిల్లా, శీలావతి పిల్లా బెజవాడ తెచ్చి, కైకలూరు చెరువుల్లో పోసినోణ్ణి. దారంతా బిందెలో చెయ్యి పెట్టి నీళ్ళు ఆడిస్తూనే ఉండాలి. చెయ్యి ఆగిందా, గాలాడక పిల్ల చచ్చిపోద్ది. అలా కోట్ల పిల్లని మోశాను గానీ, ఒక్కటి పుట్టడం చూడలేదమ్మా. అరవై ఆరేళ్ళకి చూడబోతున్నా. కాళ్ళు నేల మీద నిలవడం లేదు. చెయ్యి సరేసరి, ఈ కలం పక్కన పెడితే చాలు, కుడిచెయ్యి ఇంకా బిందెలో ఉన్నట్టే ఊగుతుంది. పని మానేశామని దానికి ఎవరూ చెప్పలేదు కాబోలు!

వీధిలో పదకొండు ఇళ్ళకి ఇంటికి రెండు చొప్పున పిల్లల్ని ఇస్తానని మాటిచ్చేశాను. కాగితంలో చోటు అయిపోయింది.

మూడొందల మందికి తాత,
ఎల్లారావు

---

నర్సుల హాస్టలు, విశాఖపట్నం
19-8-1997

నాన్నకి,

సుధ నమస్కారాలు. నీ ఉత్తరం చదివి హాస్టల్లో అందరికీ వినిపించాను. నా గదిలో ఉండే ఎలిజబెత్ అయితే "మీ నాన్నకి మనవలు పుట్టినంత సంబరం" అంది.

ఇక్కడ నాకే కుదురు లేదు. వచ్చిన రెండు నెలల్లో మూడు వార్డులు మార్చారు. ఒక వార్డులో మంచాల నంబర్లు అలవాటయ్యేలోపు ఇంకో వార్డు. సముద్రం ఆస్పత్రి మేడ మీదికెక్కితే కనిపిస్తుంది, వెళ్ళి కాళ్ళు తడుపుకోవడానికి మాత్రం కుదరడం లేదు.

రెండు సంగతులు. ఒకటి, నీ అక్షరాలు మొదట వేరుశనగ గింజలంత ఉండి, కిందికొచ్చేసరికి ఆవగింజలయ్యాయి. ఎలిజబెత్ నేనూ చెరో కన్ను పెట్టి చదివాం. ఇన్‌లాండు కవర్లో పొదుపెందుకు నాన్నా, ఇంకోటి కొనుక్కో. రెండు, చెయ్యి ఊగుతోందని నవ్వుతూ రాశావు. ఎప్పటి నుంచి? అమ్మని అడిగి నిజం రాయి.

పోనీ ఎస్టీడీ బూతుకి వెళ్ళి హాస్టలుకి ఫోన్ చేయరాదూ?

చేపల్ని మాటిమాటికీ తొంగి చూడకు. వాటికీ కాస్త చాటు కావాలి.

సుధామణి

---

కృష్ణలంక, విజయవాడ
27-8-1997

సుధా తల్లికి,

నాన్న రాసేది. ఏం చెప్పమంటావు. మళ్ళీ నలుగురమే.

నీ ఉత్తరం అందక ముందే అయిపోయింది. మూడోరోజు పొద్దున లేచేసరికి గొట్టం నున్నగా ఉంది, నాకిన కంచంలా. కన్నవాళ్ళే తినేశారు! మీ అమ్మ అయితే తొట్టి ముందు నిలబడి ఆ రెండిటినీ పావుగంట తిట్టింది. "తిండి పెట్టలేదా నేను మీకు?" అని. ఆ మధ్యాహ్నం తనూ అన్నం సరిగ్గా తినలేదులే.

బాలశౌరి దగ్గరికి పరిగెత్తాను. నాతో హౌరా లోడ్లు తిరిగిన మనిషి, ఇప్పుడు కొడుకు పెట్టిన అక్వేరియం కొట్లో కూర్చుంటున్నాడు. "ఒరే ఎల్లారావూ, భయపడితే తినేస్తాయిరా. నువ్వేం చేశావో చెప్పు" అన్నాడు. నేనేం చేశాను, అద్దం మీద చెయ్యి ఆనించి చూస్తూ కూర్చున్నాను. అప్పుడు తట్టింది తల్లీ. ఆనించిన చెయ్యి ఊరుకుంటుందా? టకటకా టకటకా, రోజంతా అద్దం మీద తలుపు కొట్టినట్టు! లోపల బాలింత ఏమైపోవాలి?

నువ్వడిగిన దానికి జవాబు. ఇది జబ్బు కాదు, పనివాటం. టైలరు కుర్చీలో కూర్చున్నా కాలు తొక్కుతూనే ఉంటాడు, చూళ్ళేదూ? అలాంటిదే. రుజువు కూడా ఉంది. ఒళ్ళో ఊరికే పెడితే ఊగుతుంది. నీళ్ళలో పెట్టి పని చెప్తే బుద్ధిగా మాట వింటుంది. ఇంతకంటే ఏం కావాలి?

ఫోన్ సంగతి అంటావా, ఆ డబ్బాలో బిల్లు ఎర్ర అంకెల్లో పరిగెడుతుంటే నాకు మాట రాదమ్మా. ఉత్తరమే నయం.

మీ అమ్మ పక్కన కూర్చుని రాయమంటోంది కాబట్టి రాస్తున్నా. "మీ నాన్న కాళ్ళు ఈడుస్తూ నడుస్తున్నాడు. చొక్కా బొత్తాలు నేనే పెడుతున్నా. కాఫీ ఒలకబోస్తున్నాడని గ్లాసు సగమే పోస్తున్నా." అమ్మ మాట అయిపోయింది. ఇక నా మాట. ఆ చొక్కాకి కాజాలు చిన్నవి. గ్లాసు సగం పోయడం మీ అమ్మ పిసినారితనం.

ఆడదానికి మళ్ళీ గుడ్లతో పొట్ట దిగింది. ఈసారి జాగ్రత్తగా ఉంటాను.

అద్దం ముట్టనని ఒట్టేసిన
మీ నాన్న

---

విశాఖపట్నం
6-9-1997

నాన్నా,

నమస్కారం. చేపల సంగతి చదివి బాధపడ్డాను, అమ్మ తిట్ల దగ్గర నవ్వాను.

కానీ అమ్మ రాయించిన మూడు మాటలూ నన్ను వదలడం లేదు. మందులిచ్చే బండి తోసుకుంటూ వెళ్తున్నా అవే. బొత్తాలు, కాళ్ళు, సగం గ్లాసు. ఒకసారి వెళ్ళి డాక్టరుకి చూపించుకో. బీపీ చూస్తారు, ఏదైనా విటమిను రాస్తారు. గంట పని.

ఇంకోటి అడగాలి, కోపం తెచ్చుకోకు. బాలశౌరి బాబాయి కొట్టుకి రోజూ వెళ్తున్నావా? ఎందుకడిగానో నీకు తెలుసు.

వార్డు మళ్ళీ మార్చారు. ఈసారి నరాల వార్డు. నాలుగు రోజులు కాకముందే ఇంకోటి మారుస్తారేమోనని మంచాల నంబర్లు కూడా నేర్చుకోవడం లేదు.

సుధ

---

కృష్ణలంక, విజయవాడ
22-9-1997

బుజ్జితల్లికి,

నాన్న ఆశీస్సులు. చూశానమ్మా! పుట్టడం చూశాను!

ఈసారి గొట్టం మీద పెట్టిన మూడోనాటికి గుడ్లు పగిలి, తలకి జిగురంటుకుని వేలాడుతున్నాయి. తోకలు తప్ప ఏమీ లేవు. వందల తోకలు, ఒకటే గిలగిల. ఒక్కటి జారి కింద పడుతుంటే తల్లి గభాలున నోట్లోకి తీసుకుంది. అయిపోయింది, మింగేసింది అని గుండె పట్టుకున్నాను. మింగలేదమ్మా! మెల్లిగా తీసుకెళ్ళి మళ్ళీ గొట్టానికి అతికించింది. మీ అమ్మని కేకేసి పిలిచాను. వంటింట్లోంచి చీపురు పట్టుకునే వచ్చింది, అలాగే నిలబడిపోయింది. "నోటితో ఎత్తుకుంటోందయ్యా" అంది.

ఎనిమిదో నాటికి అన్నీ ఈదాయి, దుమ్ము లేచినట్టు. ఇక తిండి పెట్టాలి కదా. కైకలూరు చెరువుల్లో మేం బొచ్చె పిల్లకి పెట్టేదే పెట్టాను. కోడిగుడ్డు ఉడకబెట్టి, పచ్చసొన పల్చటి గుడ్డలో వేసి నీళ్ళలో పిండడం. ఒక గుడ్డు సొన మొత్తం పిండేశాను! చెరువులకి పెట్టిన చెయ్యి కదా, తొట్టికి ఎంత పెట్టాలో దానికేం తెలుసు. సాయంత్రానికి నీళ్ళు మజ్జిగ. పొద్దునకి ఒక్క పిల్ల లేదు. పెద్దవి రెండూ మూల నక్కి ఒగరుస్తున్నాయి. గబగబా నీళ్ళు మార్చి వాటిని దక్కించుకున్నా.

ఆ బాధలో బాలశౌరి కొట్టుకి వెళ్ళి వస్తూ మన అరుగు మెట్టు దగ్గర పడ్డాను. కంగారు పడకు, మోచెయ్యి గీసుకుంది అంతే. కాలు ముందుకేద్దామంటే నేల పట్టుకున్నట్టయింది, నేను మాత్రం ముందుకెళ్ళాను! వెనకే వస్తున్న బాలశౌరి భుజం పట్టి ఇంట్లోకి తెచ్చాడు. వీధంతా చూసింది. నవ్వుకున్నాం.

కళ్ళారా చూశానమ్మా, అది చాలు. కాదు, చాలదు. బతికించాలి.

ఆత్రంలో ఉన్న
నాన్న

---

విశాఖపట్నం
29-9-1997

నాన్నకి,

నువ్వు రాసిన ఉత్తరాలన్నీ ముందు పెట్టుకుని రాస్తున్నాను.

కాళ్ళు ఈడ్చడం. మెట్టు దగ్గర పడటం. బాలశౌరి బాబాయి వీధంతా చూస్తుండగా పట్టుకుని తేవడం. చెయ్యి వణుకు. ఈ రాత. నేను సూటిగా అడిగిన మాటకి నాలుగు పేజీల్లో ఎక్కడా జవాబు లేకపోవడం. లోడు దింపిన రోజుల్లో మీరిద్దరూ ఇంటికి ఎలా వచ్చేవారో నేను మర్చిపోలేదు. నాకు తొమ్మిదేళ్ళప్పుడు చూసిన నడక ఇది. అమ్మ ముందు కర్పూరం ఆర్పి ఒట్టేసి ఆరేళ్ళయింది. ఇప్పుడు మద్యనిషేధం ఎత్తేసి షాపులు తెరిచారు కదా, పేపర్లో చదివాను.

ఈసారి చేపల కబుర్లొద్దు. తాగుతున్నావా లేదా, అంతవరకు రాయి.

సుధామణి

---

కృష్ణలంక, విజయవాడ
21-10-1997

సుధామణికి,

తాగలేదు.

అడిగావు కాబట్టి రాశాను. ఈ ఒక్క ముక్క రాసి కవరు అంటించి మూడు వారాలు గూట్లో పెట్టాను. పోస్టులో వెయ్యబుద్ధి కాలేదు. దసరా జనం కొండకి వెళ్తుంటే అరుగు మీద కూర్చుని చూస్తూ, ఇంతమందిలో నన్ను తాగుబోతు అన్నది నా కూతురొక్కతే అనుకున్నా. మీ అమ్మకి నీ ఉత్తరం చదివి వినిపించాను, ఏదీ దాచలేదు. "తాగినా బాగుండేది, మానిపించేదాన్ని" అంది. ఆవిడ మాటలు నీకు తెలిసిందే కదా, ఎటు తిప్పి అంటుందో అర్థం కాదు.

కవరు చింపి ఇప్పుడు మళ్ళీ రాస్తున్నా. ఎందుకంటే నిన్న మళ్ళీ గుడ్లు పెట్టింది. నీతో చెప్పకుండా ఇంకెవరితో చెప్పుకోను? నా కోపం నాకే బరువైపోయిందమ్మా.

ఈసారి గొట్టం మీద కాదు, నేను నిలబెట్టిన పలకముక్క మీద పెట్టింది. తొట్టికి రెండు గజాల దూరంలో కుర్చీ వేసుకున్నాను. కుడిచెయ్యి తొడ కింద పెట్టుకుని, దాని మీద కూర్చుంటున్నా. ఊగితే నా కిందే ఊగుతుంది, వాటికి తెలియదు. గుడ్డు సొన జోలికి పోను. బాలశౌరి ఏమంటాడంటే, రొయ్యల హేచరీల్లో పెట్టే ఆర్టీమియా అనే పొడి గుడ్లుంటాయట, ఉప్పునీళ్ళలో వేస్తే కంటికానని పురుగులు పుడతాయట, అవి తప్ప ఈ పిల్ల ఇంకేదీ తినదట. బెజవాడలో ఎవరి దగ్గరా దొరకలేదు. ఇంకో వారంలో పిల్ల ఈదుద్ది. నాకు దిక్కు తోచడం లేదు.

నాన్న

---

విశాఖపట్నం
25-10-1997

నాన్నా,

ఈ ఉత్తరం పోస్టులో రావడం లేదు, మనిషితో వస్తోంది. ఎలిజబెత్ వాళ్ళ అన్న మరియదాసు భీమిలి దగ్గర రొయ్యల హేచరీలో పని చేస్తాడు. ఆటోనగర్లో మోటారు సామాను కొనడానికి రేపు బెజవాడ వస్తున్నాడు. అతని చేతిలో మందు సీసా ఉంటుంది, అందులో ఉన్నది నీ ఆర్టీమియా. సీసా నీళ్ళకి రెండు చెంచాల కల్లుప్పు, చిటికెడు పొడి. గాలి గొట్టం వేసి ఉంచితే మర్నాటికి నారింజ రంగు చుక్కలు లేస్తాయట. పల్చటి గుడ్డలో వడకట్టి, ఉప్పు పోయేలా కడిగి వెయ్యి. చిటికెడంటే నా చిటికెడు నాన్నా, నీది కాదు.

నేనన్న మాట తప్పు. ఎంత తప్పో నిన్నే తెలిసింది. ఎలా తెలిసిందో ఈ ఉత్తరంలో రాయలేను. ముందు నాకొక పని చేసిపెట్టు. రూళ్ళు లేని తెల్లకాగితం మీద నీ పూర్తి పేరు పది సార్లు, ఒకదాని కింద ఒకటి రాసి పంపు. ఎందుకని అడక్కు. అమ్మని జాగ్రత్తగా చూసుకో. అమ్మ చెప్పింది విను.

సుధ

---

కృష్ణలంక, విజయవాడ
9-11-1997

నా తల్లికి, నా చిట్టితల్లికి, నా ఆర్టీమియా దేవతకి,

నాన్న ఆనందం పట్టలేక రాసేది. నూట అరవై! లెక్కపెట్టలేక లెక్కపెట్టాను. నూట అరవై పిల్ల ఈదుతోంది, పొట్టలు నారింజ రంగులో, ఒక్కోటీ చిన్న దీపంలా!

సీసా వచ్చిన రోజు భాగోతం విను. ఆ పొడి అచ్చం మీ అమ్మ ముక్కుపొడిలాగే ఉంది కదా. నేను ఉప్పు కోసం వంటింట్లోకి వెళ్ళి వచ్చేలోపు మీ అమ్మ సీసా మూత తీసి, ఓ పట్టు పట్టి, పీల్చేసింది! "ఇదేం పొడయ్యా, ఘాటే లేదు" అంటోంది. "కొండలమ్మా, రేపీపాటికి నీ ముక్కులో రొయ్యలు పుడతాయే" అన్నాను. రెండు రోజులు తుమ్మినప్పుడల్లా చేతిగుడ్డలోకి చూసుకుంది.

తల్లీ తండ్రీ పిల్లల్ని ఎంత బాగా కాస్తున్నాయో. వేలు చూపిస్తే మీదికొస్తున్నాయి. నువ్వన్నట్టు వాటి చాటు వాటికి వదిలేశాను, నేను నా చెయ్యి మీద కూర్చున్నాను.

ఇక అసలు సంగతి. నువ్వు అడిగిన కాగితం ఇందులో పెట్టాను. ఎందుకని అడగొద్దన్నావు, అడగలేదు, కానీ తెలిసిపోయిందమ్మా! శుభలేఖే కదా? అడుగున తండ్రి పేరు అచ్చు వేయించాలి కదా? నా రాత మరీ నీరసంగా ఉందని, దస్తావేజులు రాసే తిరుపతిరావు గారి చేత రాయించాను. ముత్యాలు చూడు. అబ్బాయి ఆ మరియదాసేనా? మాకు నచ్చాడమ్మా. గాజుసీసా చంటిబిడ్డలా తెచ్చాడు, కాఫీ నిండు గ్లాసు తాగాడు. మతం సంగతి అంటావా, మీ అమ్మకి నేను సర్దిచెప్తాను. వీధిలో ఇంకా ఎవరికీ చెప్పలేదు. ఇద్దరికే చెప్పాను.

కాబోయే పెళ్ళికూతురి తండ్రి,
ఎల్లారావు

---

విశాఖపట్నం
17-11-1997

నాన్నా,

శుభలేఖ లేదు. అబ్బాయి లేడు. మరియదాసు గారికి ఇద్దరు పిల్లలు, పెద్దది మూడో క్లాసు. ఆ ఇద్దరికీ వెంటనే చెప్పెయ్యి. నీ ఉత్తరం చదివి ఎలిజబెత్ మంచం మీద పడి నవ్వింది. నేను నవ్వలేకపోయాను. ఆ కాగితం మీద ఉన్నది నీ రాత కాదు, నాకు కావలసింది నీ రాత.

కూర్చుని చదువు. అమ్మకి కూడా వినిపించు.

పోయిన నెల మా వార్డులో ఒక పెద్దాయన చేరాడు. నీ వయసే, వడ్రంగి. కుడిచెయ్యి ఒళ్ళో పెట్టుకుంటే ఊగుతుంది. చెంబు అందిస్తే ఊగడం ఆగిపోతుంది. "ఇది జబ్బు కాదమ్మా, నలభై ఏళ్ళు చిత్రిక పట్టిన చెయ్యి" అన్నాడు. నా చేతిలో ట్రే అలాగే ఉండిపోయింది. డాక్టరు గారు ఆయన్ని పేరు పది సార్లు రాయమన్నారు. మొదటి పేరు వేరుశనగ గింజంత. పదోది ఆవగింజంత.

హాస్టలుకొచ్చి నీ ఉత్తరాలు మంచం మీద వరసగా పరిచాను. ఆగస్టు నుంచి. నాన్నా, నువ్వు ఎప్పుడూ పొదుపు చెయ్యలేదు. నేను తాగుడు అనుకున్నదీ, నువ్వు పనివాటం అనుకున్నదీ, అమ్మ పిసినారితనమని నువ్వు రాసిందీ, అన్నీ ఒకటే. పార్కిన్సన్ అంటారు. మెదడులో ఒక రసం తగ్గుతుంది. ప్రాణం మీదికి వచ్చేది కాదు, పూర్తిగా పోయేదీ కాదు. మాత్రలున్నాయి. ఆ వడ్రంగి ఇప్పుడు తన బొత్తాలు తనే పెట్టుకుంటున్నాడు. ఆలస్యం చేస్తే పడటాలు ఎక్కువవుతాయి. మెట్టు దగ్గర నేల పట్టుకుందన్నావే, అదీ ఇందులోదే.

నేను కొత్తదాన్ని, జనవరి దాకా సెలవివ్వరు. మీరిద్దరూ రండి. శనివారం డాక్టరు గారు ఓపీ చూస్తారు. ఎవరినీ అడక్కు, బయలుదేరు.

సుధ

---

కృష్ణలంక, విజయవాడ
26-11-1997

సుధామణికి,

మరియదాసు గారికి నా క్షమాపణ చెప్పు. ఇద్దరికీ చెప్పేశాను, వాళ్ళు ఇంకో నలుగురికి చెప్పారు. వాళ్ళకీ చెప్పాను.

ఇక నా సంగతి. నేను రాను.

అమ్మా, నీ మీద కోపం లేదు. కానీ ఈ చెయ్యి ఏంటో నీకు తెలియాలి. డెబ్బై రెండులో రాజమండ్రి అవతల బండి పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఆగిపోయింది. ఎండ. పక్క పెట్టెలో వాళ్ళ బిందెలన్నీ చచ్చిపోయాయి. నావి ఆరు బిందెలు, ఒక్కటి పోలేదు. ఆ లోడు డబ్బుతోనే, నువ్వు పుట్టినప్పుడు మీ అమ్మ ఆస్పత్రి ఖర్చు గడిచింది. ఈ చెయ్యి ఆగకపోబట్టే నువ్వు చదువుకున్నావు. ఇప్పుడు దాన్ని జబ్బంటున్నావు. మాత్ర వేస్తే ఆగిపోద్దంటున్నావు. ఆగిపోతే నేనెవరిని?

పైగా పిల్ల ఇప్పుడు పావలా బిళ్ళంత అయింది. పెద్దవి మళ్ళీ గుడ్లు పెట్టే ఆలోచనలో పడి వీటిని తరుముతున్నాయి. పిల్లని వేరే టబ్బులోకి మార్చాను. కరెంటు రోజూ పోతోంది, గాలి మోటారు ఆగుద్ది. అప్పుడు నేనే నీళ్ళు ఆడిస్తున్నా. చెయ్యి ఆగిపోతే వీటికెవరు?

కాగితం అయిపోయింది. పొదుపు కాదులే, నిజంగానే అయిపోయింది.

నాన్న

---

విశాఖపట్నం
3-12-1997

నాన్నా,

మూడుసార్లు రాసి చింపాను. ఇది నాలుగోది. డ్యూటీకి టైమవుతోంది, నిలబడే రాస్తున్నా.

మాత్ర నీ చేతిని ఆపదు. ఊరికే ఊగడాన్ని తగ్గిస్తుంది. నువ్వు నీళ్ళలో పెట్టి చెప్పిన పని అది ఎప్పుడూ చేస్తుంది. ఆ వడ్రంగి పోయేటప్పుడు మా మందుల బల్లకి ఊడిన కాలు బిగించి వెళ్ళాడు.

ఇంకో మాట. మా ఓపీ హాల్లో పెద్ద అద్దాల తొట్టి ఉంది. రోగులు గంటలు గంటలు దాని ఎదురుగా కూర్చుంటారు, అందులో నీళ్ళు తప్ప ఏమీ లేవు. డాక్టరు గారికి నీ చేపల సంగతి చెప్పాను. "మీ నాన్నగారు నలభై పిల్లలివ్వగలరా?" అన్నారు. ఇది నిన్ను రప్పించడానికి వేసిన గాలం అంటావు. గాలమే. కానీ ఎర నిజంది.

సుధ

---

కృష్ణలంక, విజయవాడ
20-12-1997

అమ్మా సుధామణీ,

నాన్న దీవించి రాసేది. గాలం మింగాను. ఎలా మింగానో చెప్పాలి.

మొన్న బుధవారం లైను పనులని పొద్దున పదింటికి కరెంటు తీశారు. టబ్బులో మిగిలిన నూట యాభై పిల్ల. ఒక్కో పిల్లకి ఇప్పుడు పొడుగు రెక్కలొచ్చి అచ్చం గాలిపటాల్లా ఉన్నాయి, గాలి ఎక్కువ కావాలి. గంటకే మూతులు పైకెత్తి నీటి మీదికొచ్చాయి. కూర్చున్నాను. చెయ్యి పెట్టాను. ఆడించాను. మొదట నా చెయ్యి రాజమండ్రి ఎండలో చెయ్యిలాగే పనిచేసింది తల్లీ, ఎంత పొంగిపోయానో! పాట కూడా పాడాను. ఒంటిగంట దాటాక భుజం కర్రయింది. పని చెప్తున్నా వినడం లేదు. ఎడమచెయ్యి పెట్టాను, దానికి ఆ తూగు రాదు. రెండింటికి చెయ్యి నీళ్ళలోనే ఆగిపోయింది. అలా చూస్తూ కూర్చున్నాను. మీ అమ్మని పిలవను కూడా లేదు.

ఆవిడే వచ్చింది. చీర కుచ్చెళ్ళు బొడ్లో దోపి, నా ఎదురుగా పీట వేసుకుని, నా చెయ్యి మణికట్టు పట్టి నీళ్ళలోంచి తీసి నా ఒళ్ళో పెట్టింది. తన చెయ్యి పెట్టింది. అమ్మా, ఆ తూగు! అరచెయ్యి వంపు, వేళ్ళ సందు, నీటిని కొట్టకుండా కదపడం, నాది నాకే ఎదురుగా కనపడింది. "ఎప్పుడు నేర్చుకున్నావే?" అన్నాను. "ముప్పై ఏళ్ళు నీ పక్కన పడుకున్నాను. నిద్దట్లో నా భుజం మీద ఇలాగే ఆడించేవాడివి. రాకేం చేస్తుంది?" అంది. ఐదున్నరకి కరెంటొచ్చే దాకా లేవలేదు. రెండు పిల్ల పోయింది. నూట నలభై ఎనిమిది ఉంది.

ఆ మూడు గంటలూ నా చెయ్యి నా ఒళ్ళో ఊగుతూనే ఉంది. కింద నీళ్ళు లేవు, పిల్ల లేదు. మొదటిసారి దాన్ని బాగా చూశానమ్మా. అది పని చెయ్యడం లేదు. ఊరికే ఊగుతోంది.

వచ్చే శుక్రవారం పగటి బండికి వస్తున్నాం. పాలిథిన్ కవర్లో గాలి కొట్టిస్తే చెయ్యి పెట్టక్కర్లేదని బాలశౌరి అంటాడు. వాడి మొహం. అటకమీంచి పాత సత్తు బిందె దింపాను, మీ అమ్మ చింతపండుతో తోమింది. మాట ప్రకారం నలభై పిల్ల డాక్టరు గారి తొట్టికి. పదకొండు ఇళ్ళకి ఇచ్చేశాను. మిగతావాటిని, పెద్దవాటిని బాలశౌరి చూసుకుంటాడు. ఏలూరు దాకా నేను, తుని దాకా మీ అమ్మ, అక్కడి నుంచి మళ్ళీ నేను. రాజమండ్రిలో మాత్రం బిందె నాకిమ్మన్నాను. ఇస్తానంది. మాత్ర నీ ఇష్టం తల్లీ, ఎన్నంటే అన్ని వేసుకుంటా. బిందె దించాక.

ఏ పెట్టెలో ఎక్కుతామో ఇప్పుడే చెప్పలేను, జనం ఎటు తోస్తే అటు. ప్లాట్‌ఫారం మీద కిటికీల్లో మా మొహాల కోసం పరిగెత్తకు. ఒకచోట నిలబడి విను. ఏ పెట్టెలో నీళ్ళ చప్పుడు వినిపిస్తే, ఆ పెట్టె దగ్గరికి రా.

బిందె పట్టుకుని వస్తున్న
మీ నాన్న